గొంగళి, బొంత, జంపఖానా
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంటి అలంకరణ" అనే అంశం మీద నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యవర్గం వారు మమ్ములను కోరినారు. ఆ మాట బయటికి పొక్కగానే మహిళా విభాగంలో కొంత నవ్వులాట జరిగినట్లు మా ఇంటావిడ వల్ల తెలిసింది. రైల్వే ఆఫీసులో ఫైళ్ళు కట్టే గుమాస్తాకు అలంకరణ గొడవ ఎందుకని వారి సందేహం కాబోలు. సందేహం న్యాయమైనదే. అందుకనే మేము షోకేసుల జోలికి, గాజు బొమ్మల జోలికి, కర్టెన్ల రంగుల జోలికి పోదలచలేదు. ఊరు విడిచి వచ్చిన సంసారానికి మొట్టమొదట కావలసినది పక్క. పెట్టెలు దించిన రాత్రి ఏది పరుచుకుని పడుకున్నామో అక్కడినుంచే ఆ ఇల్లు మనదవుతుంది. కనుక దుప్పట్లు, గొంగళ్ళు, బొంతలు, జంపఖానాలు, వీటిని గురించే ఈ ప్రసంగం.

ఈ ఆలోచన మాకు కలిగించినది ఒక ఫోటో. మా బంధువుల కుర్రవాడొకడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. క్రొత్తగా కొన్న ఇంటి ఫోటోలు పంపాడు. హాలులో చెక్కుతీయని దుంగలతో చేసిన బల్ల, దాని మీద ఎరుపు, నలుపు, గోధుమ రంగులలో మెట్లు మెట్లుగా చారలున్న కంబళి, పడక మీద అదే రకం దుప్పటి, గోడకు మరొకటి. సొమ్ము పెట్టి కట్టిన ఇల్లు పల్లెటూరి ఇల్లులాగా కనబడడం అక్కడ ఇప్పుడొక వేడుకట. దానికి "సౌత్ వెస్టర్న్" పద్ధతి అని పేరు. అంటే ఆ దేశపు నైరుతి మూల, అరిజోనా, న్యూ మెక్సికో ప్రాంతాల తీరు. ఆ ఫోటో చూసి వాళ్ళ నాయనమ్మ, "మన అటకమీది గొంగళి పంపిస్తే తపాలా ఖర్చుతో పోయేది గదరా!" అన్నది. అందరమూ నవ్వాము. తరువాత ఆలోచించగా ఆవిడ మాటలో నవ్వవలసినది ఏమీ లేదని తోచింది.

ఆ కంబళ్ళ అసలు సొంతదారులు నవాహో జాతివారు. గొర్రె వారికి స్పెయిన్ దేశస్థుల ద్వారా సంక్రమించినది. నిలువు మగ్గం మీద ఆడవారు నేస్తారు. 1864లో అమెరికా సైన్యం ఆ జాతిని సొంత నేలనుంచి వందల మైళ్ళు నడిపించి, బాస్క్ రెడొండో అనే చోట నిర్బంధించింది. నాలుగేళ్ళకు, 1868లో, ఒడంబడిక కుదిరి వారు ఇళ్ళకు మళ్ళారు. ఆ ఒడంబడిక కాగితంలో వారికి 15,000 గొర్రెలు, మేకలు కొని ఇచ్చే షరతు ఒకటి ఉన్నది. ఇల్లు మళ్ళీ నిలబెట్టుకోవలసిన వారు నేలతోపాటు గొర్రెను అడిగారన్నమాట. 1930లలో మేత చాలదని ప్రభుత్వమే వారి మందలను బలవంతాన తగ్గించింది. ఆ దెబ్బను ఆ జాతివారు ఈనాటికీ చెప్పుకుంటారు. ఇక నేడు దుకాణాలలో చౌకగా దొరికే "నైరుతి" దుప్పట్లలో చాలా భాగం మరమగ్గం సరుకు. నమూనా వారిది, లాభం మరొకరిది. ఆదివాసులు చేయని సరుకును వారు చేసినదని చెప్పి అమ్మరాదని 1990లో అక్కడ చట్టం చేయవలసి వచ్చింది. మిల్లు దుప్పటి అయినంత మాత్రాన తప్పు పట్టనక్కరలేదు. ఆరిగన్ రాష్ట్రపు పెండిల్టన్ మిల్లు దుప్పట్లను ఆదివాసులే, మనం శాలువా కప్పినట్లు, శుభకార్యాలకు కానుకగా ఇచ్చుకుంటారు. ఏది ఎవరు చేసినదో ఉన్నదున్నట్లు చెప్పి అమ్మితే పేచీ లేదు.

మన కుర్రవాడు కొన్నది ఏ రకమో మేము అడగలేదు. అడిగితే బాగుండదు.

ఇక మన గొంగళి సంగతి. తెలంగాణవారు గొంగడి అంటారు, కోస్తావారము గొంగళి అంటాము, మరికొందరికి కంబళి. తెలంగాణలో కురుమలు, రాయలసీమలో కురుబలు దీన్ని నేస్తారు. దక్కను పీఠభూమి మీద మెసలే దక్కని గొర్రెకు నల్లని ముతక ఉన్ని ఉంటుంది. దానిని కత్తిరించి, ఏకి, ఇంటి ఆడవారు వడుకుతారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి ఆరబెడతారు. గుంటమగ్గం మీద, చాలా చోట్ల ఇంటి పెద్దవాడు, కూర్చుని నేస్తాడు. ఆ నలుపుకు రంగుతో పని లేదు, గొర్రె రంగే దాని రంగు. ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డు వల్ల వాననీరు వెంటనే లోపలికి దిగదు. కాపరి ఒక కొస మడిచి కొప్పుగా నెత్తిన వేసుకుంటే వానకు గొడుగు, రాత్రికి పరుపు, చలికి దుప్పటి. ఈనిన గొర్రె వెంట నడవలేని పిల్ల ఉంటే దానికి ఉయ్యాల కూడా అదే. ఒగ్గుకథ చెప్పే కళాకారుని భుజం మీద గొంగడి చూడని తెలంగాణవాడు ఉండడు.

ఇంత పని చేసే వస్తువును మన భాష మాత్రం కొంచెం చిన్నచూపు చూసింది. గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరడమని ఒక సామెత. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అని ఇంకొకటి. ఈ రెండవది ఆఫీసులో మా సెక్షనులో రోజూ వినపడుతూ ఉంటుంది, ముఖ్యంగా ప్రమోషన్ల జాబితా వచ్చిన రోజున. కాని వలస వచ్చిన మనబోటివారికి అది తిట్టుగా తోచదు. వేసిన చోటనే ఉండే భాగ్యం గొంగళికి ఉన్నది, మనకు లేదు.

ఇప్పుడా భాగ్యమూ పోతున్నది. మాంసానికి గిరాకీ పెరిగిన కొద్దీ, బరువు వచ్చే, ఉన్ని లేని జాతులతో దక్కని గొర్రెను కలిపారు. మందలో గొర్రెలు ఉన్నాయి, వాటి ఒంటి మీద ఉన్ని లేదు. కొంటానికి వచ్చే కాపరి పదిరోజుల వానకు ప్లాస్టిక్ పట్టా చాలుననుకుంటున్నాడు. ఆ కాపరిని మేము నిందించము. ఎండకు, వానకు నిలబడేవాడు తేలిక వస్తువు కోరడం సహజమే. కాని నేతగాని కొడుకు మగ్గపు గుంటలోకి దిగడం మానివేసి మేస్త్రీ పనికి హైదరాబాదుకో, మన చెన్నైకో వస్తున్నాడు. అటువంటి వారు ఈ సభలోనే ఉన్నారు. ఆ సంగతికి మళ్ళీ వస్తాము.

చెన్నై పేరు చెప్పుకున్నాము గనుక ఒక మాట. మనలో చాలామందికి ఈ ఊళ్ళో మనం పరాయివారమన్న దిగులు ఒకటి లోలోపల ఉన్నది. ఈ ఊరు పుట్టిందే బట్టకోసం, అందులోనూ తెలుగు బట్ట వ్యాపారం వెంట. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో దిగినది అక్కడి నేతబట్టలు, అద్దకం బట్టలు కొనడానికి. అక్కడ ఇబ్బందులు కలిగి దక్షిణానికి జరుగుతూ వచ్చి, 1639లో ఫ్రాన్సిస్ డే ద్వారా దామెర్ల వెంకటాద్రి నాయకుని వద్ద ఈ తీరాన చోటు సంపాదించారు. ఆ నాయకుని తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్నమైనది. తరువాత నేతగాళ్ళను తెచ్చి పేటలు కట్టించారు. 1734 ప్రాంతంలో సుంకు రామ అనే వర్తకుని తోట ఉన్న చోట నేతపనివారి కోసం వెలసినదే చింతాద్రిపేట. చిన్న తరి, అంటే చిన్న మగ్గం, దాని పేట. బట్టలు చలువచేసే వారికి వాషర్‌మన్‌పేట. రోజూ బస్సు బోర్డుల మీద చదివే పేర్లే ఇవి.

మచిలీపట్నం నుంచి ఓడలెక్కిన వాటిలో గొప్ప ఖ్యాతి పొందినది పడకదుప్పటి. పలంగ్‌పోష్ అనే మాటను దొరలు పలంపోర్ చేసుకున్నారు. మధ్యన ఒక మహావృక్షం, కొమ్మకొమ్మకూ వేరువేరు పువ్వులు, అంచున లతలు. తమ దేశపు నేతగాళ్ళు గగ్గోలు పెట్టగా ఇంగ్లండులో 1721లో చట్టం చేసి, అద్దకపు నూలుబట్టలు ఒంటిమీదనే కాదు, ఇంట్లో పరుపుల మీద, కుర్చీల మీద కూడా వాడరాదన్నారు. డేవిడ్ గారిక్ అని లండనులో మహానటుడు ఉండేవాడు. 1775 ప్రాంతంలో ఆయన భార్య పడకకోసం కలకత్తా వర్తకులు పంపిన మచిలీపట్నం తెరలను సుంకాల అధికారులు జప్తు చేశారు. ఆయన పెద్ద అధికారికి మహజరు పెట్టుకోవలసి వచ్చింది. ఆ పడక, ఆ తెరలు నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. మన బందరు దుప్పటి కోసం దొరసాని కన్నీరు పెట్టుకున్నదో లేదో గాని, దొర అర్జీ మాత్రం వ్రాసుకున్నాడు.

అటువంటి దుప్పటి నేడు పెడనలో తయారవుతున్నది. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో తడిపి ఆరవేస్తారు. ఇనుపతుక్కు, బెల్లం ఊరవేసిన నీటితో నలుపు, పటికతో ఎరుపు పట్టేటట్లు చేస్తారు. మీరు కొనేటప్పుడు చూడవలసినది ఒక్కటే. అచ్చు పక్కన అచ్చు వేసిన అతుకు దగ్గర చేతిపని అయితే వెంట్రుకవాసి తేడా ఎక్కడో అక్కడ కనిపిస్తుంది. కొలిచి గీసినట్లు గజం గజానికీ ఒక్కటిగా ఉంటే అది యంత్రం మీద కొట్టిన బొమ్మ. "కలంకారీ" అని చీటీ అతికించి సగం ధరకు ఇచ్చేవి చాలా భాగం అవే. కొనవద్దని మేము చెప్పము, జేబు సంగతి ఎవరిది వారికి తెలుసు. కాని చేతిపని ధర పెట్టి యంత్రపు బొమ్మ తెచ్చుకోవద్దు.

జంపఖానా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పెళ్ళిళ్ళలో, హరికథలలో, ఈ సభలో కూడా కింద కూర్చున్న వారందరూ దాని మీదనే కూర్చున్నారు. వరంగల్లు కొత్తవాడ నేతగాళ్ళ శత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి తివాచీలు 1851లోనే లండను ప్రదర్శనకు వెళ్ళినవి. ఏలూరులో ఉన్ని తివాచీ ఉన్నది గాని అది మన జీతానికి దూరం. మన ఎరుకలో చౌకగా, గట్టిగా దొరికేది ఈరోడ్ జిల్లా భవానీ జమక్కాళం. తమిళుల జమక్కాళం, మన జంపఖానా ఒకే మాటకు రెండు ఉచ్చారణలు. ఎగ్మూరులో కో ఆప్టెక్సు వారి దగ్గర అడగండి. తెలుగుది కాదు గదా అని సందేహపడేవారికి మా జవాబు: ఉప్పు, పప్పు ఇక్కడివి తింటున్నాము, పరుచుకునేందుకు ఏమి మైల?

ఇక బొంత. ఇది కొట్టులో దొరకదు. నాలుగైదు పాత నూలుచీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, మూలలకు బరువులు పెట్టి, అంచునుంచి లోపలికి దారంతో వరుసలు కుట్టుకుంటూ పోతారు. చీర అంచులు కత్తిరించి చుట్టూ పట్టీగా వేస్తే అదే అలంకారం. ఎన్ని ఉతుకులు పడితే అంత మెత్తన. పుట్టిన బిడ్డను మొదట పడుకోబెట్టేది అందుకే పాతచీర బొంతమీద. నైలాను చీరలు ఇందుకు పనికిరావు, చెమట పీల్చవు. హోల్డాల్ చుట్టుకుని రైలెక్కే రోజులలో ప్రతి కుటుంబపు హోల్డాల్‌లోనూ ఒక బొంత ఉండేది. నేడు ఏసీ పెట్టెలో రైల్వే వారే దుప్పటి ఇస్తున్నారు. 2020 మార్చిలో కరోనా వల్ల దుప్పట్లు ఆపివేసినప్పుడు, 2022 మార్చిలో మళ్ళీ మొదలుపెట్టేదాకా, ప్రయాణీకులు ఇంటినుంచి తెచ్చుకోవలసి వచ్చింది. మా కౌంటరు దగ్గర పెద్దవారు కొందరు చంకలో బొంత పెట్టుకుని కనిపించేవారు. చూడడానికి ముచ్చటగా ఉండేది.

మా ఇంట ఒక బొంత ఉన్నది. మా అమ్మగారి చీరలు అయిదు దానిలో ఉన్నాయి. ఆవిడ పోయిన తరువాత మా ఇంటావిడే కుట్టుకున్నది. 2015 డిసెంబరు 1వ తేదీ రాత్రి అడయారు నది పొంగినప్పుడు మేము సైదాపేటలో నది పక్క వీధిలో, కింది వాటాలో ఉండేవారము. మెట్ల మీద పిల్లను ఎత్తుకుని నిలబడ్డాము. నీరు తీసిన తరువాత వీధి వీధంతా తడిసిన పరుపుల గుట్టలే. బూరుగుదూది పరుపులు, ఫోము పరుపులు, ఎవరివి ఎవరివో. మావీ పారవేశాము. బొంతను కూడా పారవేయమని మా వదినగారు గట్టిగా చెప్పింది. పోయినవారి చీరలు, పైగా మురికినీటిలో మునిగినవి, చంటిపిల్ల ఉన్న ఇంట ఉంచరాదని ఆవిడ వాదన. పెద్దదానిగా ఆవిడ భయం ఆవిడది. మా ఇంటావిడ ఎదురు చెప్పలేదు. ఉప్పు, వేడినీళ్ళు, సబ్బు పెట్టి నాలుగు రోజులపాటు ఉతికి, మేడమీద ఎండవేసింది. రంగులు ఒకదానిలోకి ఒకటి దిగినవి. ఒక మూల నది బురద మరక పోనేలేదు. ఆ మరకమీద గుడ్డ అతికి కుట్టుదామా అని అడిగితే, అక్కరలేదన్నది. నేడు పెరంబూరులో మా అమ్మాయి దాని మీదనే పడుకుని పాఠాలు చదువుకుంటున్నది. పిల్ల స్నేహితులు వచ్చినప్పుడు మొదట్లో దాన్ని మడిచి మంచం కింద దాచేది. ఇప్పుడు దాచడం లేదు. ఎందుకు మానిందో మేము అడగలేదు.

ఇక అలంకరణ అన్న మాటకు న్యాయం చేయవలె గనుక, కొన్ని ఉపాయాలు చెబుతాము. అద్దె ఇంట్లో మేకు కొట్టడం ఇంటివారికి ఇష్టముండదు. ఒక ఇంటి యజమాని మేకుకు ఇంత అని లెక్కగట్టి అడ్వాన్సులో కోసినది మాకు అనుభవమే. కనుక వెదురు కర్రకు గొంగళి గాని, కలంకారీ దుప్పటి గాని చుట్టి, రెండు కొసలకు తాడు కట్టి కిటికీ చువ్వలకు వేలాడదీయండి. గోడకు గోడా దక్కుతుంది, పడమటి ఎండా ఆగుతుంది. చిన్న గదిలో ఒక్క బొమ్మల దుప్పటి చాలు. మిగిలినవి చారలవో, సాదావో ఉంచండి. అన్నీ బొమ్మలైతే గది సంతలాగా ఉంటుంది. ఊరినుంచి తెచ్చిన ఇనుపపెట్టె మీద జంపఖానా మడిచి వేస్తే కూర్చునేందుకు బల్ల అవుతుంది.

చెన్నై ఉక్కకు గొంగళి ఎందుకని అడిగేవారున్నారు. ఉన్నమాటే, వైశాఖంలో కప్పుకోలేము. కాని ఏసీ గదులలో ఏడాది పొడవునా దళసరి పాలియెస్టరు రగ్గు కప్పుకునేవారు ఈ ఆక్షేపణ చేయడమే వింత. గరుకు తగలకుండా ఉతికిన నూలుచీర తొడుగుగా వేయండి. లేదా కింద పరచి పైన జంపఖానా వేస్తే నడుం నొప్పివారికి మంచి పడక. తేమ, పురుగు, ఇవి రెండే దానికి శత్రువులు. ప్లాస్టిక్ సంచిలో కట్టి అటకెక్కించకండి, ముక్కిపోతుంది. నెలకొకసారి ఎండలో దులిపి, ఎండిన వేపాకు మడతలలో వేసి నూలుగుడ్డలో చుట్టి ఉంచండి. మాటిమాటికీ ఉతకనక్కరలేదు. ఉతికితే చన్నీళ్ళలో, పిండకుండా, నీడన పరచి ఆరవేయాలి. వేడినీళ్ళు పోస్తే ముడుచుకుని పిల్లవాడి గొంగళి అవుతుంది.

ఇక ముందు చెప్పిన సంగతి. మన సభ్యులలో మహబూబ్‌నగర్ జిల్లానుంచి కట్టడపు పనికి వచ్చిన మేస్త్రీ ఒకరున్నారు. వారి నాయనగారు గొంగడి నేతగాడు. డెబ్భై దాటినవారు. ఊళ్ళో మిగిలిన మగ్గం ఆయనది ఒక్కటే. రెండేళ్ళుగా గుంటలో కాలు పెట్టలేదు. అడిగేవారు లేక ఉన్ని కొనలేదు. కొడుకు చేత ఫోనులో మాట్లాడించాము. "పది గొంగళ్ళకు మాట ఇస్తే మగ్గమెక్కుతాను. ఒకటి రెండింటికి ఉన్ని తెప్పించి, పడుగు పోయడం గిట్టదు" అని ఆయన చెప్పారు. వడికేందుకు ఆయన ఇల్లాలు, మరొక పెద్దావిడ ఉన్నారు. ధర ఆయన చెప్పినదే, మన తరఫున ఎవరూ బేరమాడరాదని కార్యవర్గం వారితో ముందే అనుకున్నాము. దసరా నాటికి అందిస్తామన్నారు. ఈ ఉదయానికి ఏడుగురు పేర్లు ఇచ్చారు, అందులో ఒకటి మాది, ఒకటి టెక్సాసు కుర్రవాని నాయనమ్మది. ఇంకా మూడు కావలె. కాగితం కార్యదర్శిగారి వద్ద, పచ్చడి పంచేచోట బల్లమీద ఉన్నది.